గెలిస్తే నాన్నది, ఓడితే నాది

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున. వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. మా అమ్మాయి వచ్చి పక్కన చతికిలబడింది. ఎవరూ పిలవకుండా వచ్చి తను కూరగాయల గిన్నె దగ్గర కూర్చుందంటే ఏదో పెద్ద విషయమే ఉందని నాకు తెలుసు. ఒక నాలుగు కాయలు తుంచి, తలెత్తకుండా అంది.

"అమ్మా, నేనింక వాలీబాల్ ఆడను."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. మోకాలు నొప్పా అన్నాను. కాదంది. కోచ్ ఏమైనా అన్నారా అన్నాను. కాదంది. పదో తరగతి అని భయమా అంటే అదీ కాదంది. "మరెందుకే?" అని గట్టిగానే అడిగాను. అప్పుడు చెప్పింది.

"గెలిస్తే నాన్నది, ఓడితే నాది. అందులో నాకంటూ ఏం లేదమ్మా."

పదిహేనేళ్ళ పిల్ల అన్న మాట. ఏడాది దాటినా నా చెవిలోంచి పోలేదు. అందుకే ఈసారి ఊరగాయల కబుర్లు పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

మా ఆయన వాలీబాల్ ఆటగాడు. ఇండియాకి ఆడలేదు. రైల్వే టీముకి పదకొండేళ్ళు ఆడారు. ఆ ఆట వల్లే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం చూసే మా నాన్న నన్నిచ్చి పెళ్ళి చేశారు. సికింద్రాబాద్‌లో క్వార్టర్సు, పిల్లల చదువు, అత్తయ్యగారి కంటి ఆపరేషను, అన్నీ ఆ బంతి పెట్టిన అన్నమే. అందుకే మా ఇంట్లో వాలీబాల్‌ని ఆట అనుకోలేదు ఎప్పుడూ. దసరాకి ఇంట్లోవాళ్ళ పుస్తకాల పక్కన బంతి కూడా పెట్టి బొట్టు పెడతాం.

అలాంటి ఇంట్లో పొడుగ్గా, సన్నగా, చేతులు మోకాళ్ళదాకా వచ్చేలా ఆడపిల్ల పుడితే ఏమంటాం చెప్పండి? "దీని రక్తంలోనే ఉంది" అన్నాను. మా ఆయన కాదు, నేనే అన్నాను. బారసాలకి వచ్చినవాళ్ళందరితో అన్నాను. ఆరో తరగతిలో గ్రౌండుకి పంపింది కూడా నేనే. ఆయన "ఇంకా చిన్నది, కొన్నాళ్ళు ఆగుదాం" అంటే వినలేదు.

పిల్ల బాగానే ఆడింది. జిల్లా సెలక్షన్లకి వెళ్ళింది. మొదటిసారి పేరు వచ్చినప్పుడు గ్యాలరీలో ఒకావిడ నేనెవరో తెలియక నా పక్కనే అంది, "వాళ్ళ నాన్న రైల్వేలో ఆడాడటలే, రాక ఏమవుతుంది." మరుసటి ఏడు పేరు రాలేదు. అప్పుడొక పెద్దమనిషి మా ఆయన భుజం తట్టి, పిల్ల వింటుండగానే, "నీ జంపులో సగం కూడా రాలేదయ్యా పిల్లకి" అన్నాడు. రెండూ వింది మా అమ్మాయి. వచ్చిందీ తనది కాకుండా పోయింది, రానిది మాత్రం తన నెత్తిన పడింది. ఆ రెండు మాటల్ని కలిపి అది నాకు ఆ ఆదివారం ఒక్క వాక్యంలో చెప్పింది.

అప్పటినుంచీ నాకొక ఆలోచన పట్టుకుంది. రైల్వేకి ఆడిన మనిషి కూతురికే ఇంత బరువుంటే, దేశమంతా తెలిసిన పేర్లు మోసుకుని అదే ఆటలోకి దిగే పిల్లల సంగతేంటి? టీవీలో వాళ్ళని చూసి "వీళ్ళకేంటి, పుట్టుకతోనే అన్నీ" అని నేనూ చాలాసార్లు అనుకున్నదాన్నే. ఆ మాట సగం నిజం. ముందు ఆ సగం చెప్పుకుందాం.

ఛాంపియన్ ఇంట్లో పుట్టిన పిల్లకి కొన్ని ఊరికే దొరుకుతాయి. మంచి కోచ్ ఎవరో వెతుక్కోనక్కరలేదు. ఏ వయసులో ఎంత ఆడాలో, ఏం తినాలో, దెబ్బ తగిలితే ఎన్నాళ్ళు ఆగాలో ఇంట్లోనే తెలిసినవాళ్ళుంటారు. అన్నిటికంటే పెద్దది, ఓడిపోయి వచ్చిన రాత్రి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి భోజనాల దగ్గర ఎదురుగా ఉంటారు. మద్రాసు కృష్ణన్‌ల కుటుంబాన్ని చూడండి. టి.కె. రామనాథన్ టెన్నిస్ ఆటగాడు, కొడుక్కి తనే నేర్పాడు. ఆ కొడుకు రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. ఆయన కొడుకు రమేశ్ కృష్ణన్ 1979లో అదే టైటిల్ గెలిచాడు. 1966లో తండ్రి ఉన్న జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్ళింది, 1987లో కొడుకు ఉన్న జట్టు వెళ్ళింది. ఇదంతా రక్తం అనేస్తే ఆ ఇంట్లో పొద్దున్నే లేచి బంతులు అందించినవాళ్ళకి అన్యాయం చేసినట్టే. మూడు తరాలు ఒకే పని చేస్తే ఆ పనిలో మెళకువ ఇంట్లో పేరుకుంటుంది. మన నేతపనివాళ్ళ ఇళ్ళలో, సన్నాయి వాయించే ఇళ్ళలో జరిగేది అదే కదా.

డబ్బు సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. 2025 మొదట్లో పుల్లెల గోపీచంద్ గారు, డబ్బు దన్ను లేని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దనే అర్థం వచ్చేలా మాట్లాడారని పేపర్లో వస్తే పెద్ద చర్చే జరిగింది. చాలామందికి కోపం వచ్చింది. నాకు రాలేదు. మా ఆయనతో పాటు ఆడి, ఉద్యోగం రాకుండా మిగిలిపోయిన ఇద్దరు ముగ్గురి ఇళ్ళు నేను చూశాను. ఛాంపియన్ పిల్లకి ఉన్న అసలైన సౌకర్యం ఇదే. ఆట కలిసిరాకపోయినా ఇల్లు గడుస్తుంది. మామూలు ఇంటి పిల్లకి ఆట పోతే చదువూ పోయి ఉంటుంది, వయసూ పోయి ఉంటుంది. ఆ తేడా లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇది ఛాంపియన్లకి తెలియకా కాదు. ధ్యాన్‌చంద్ 1928, 1932, 1936 మూడు ఒలింపిక్స్‌లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిన జట్లలో ఆడినవాడు. ఆయన కొడుకు అశోక్ కుమార్, హాకీలో డబ్బు లేదని తండ్రి తమని ఆ ఆట వద్దనేవారని చెప్పుకున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. హాకీ అంటేనే ఆయన పేరు. ఆ హాకీనే కన్నకొడుక్కి వద్దనాల్సి వచ్చిందంటే, పేరు అన్నం పెట్టలేదని ఆ ఇంటికి ఎంత తెలిసి ఉండాలి! అయినా కొడుకు ఆడాడు. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్ మీద ప్రపంచ కప్ ఫైనల్లో గెలిపించిన గోల్ అతనిదే. మన పురుషుల హాకీ జట్టు ప్రపంచ కప్ గెలిచింది ఆ ఒక్కసారే. నన్నడిగితే, తండ్రి వద్దన్న ఆటని వెంటబడి ఆడటంలో ఒక మేలు ఉంది. ఆ ఆట పూర్తిగా ఆ పిల్లవాడి సొంతం అవుతుంది.

ఇక మిగతా సగం. ఆ పిల్లలు కట్టే పన్ను.

2023 ఏప్రిల్ 18, మన ఉప్పల్ స్టేడియం. హైదరాబాద్‌కి చివరి ఓవర్లో ఇరవై పరుగులు కావాలి. బంతి అర్జున్ టెండూల్కర్ చేతికిచ్చారు. మేం ముగ్గురం టీవీ ముందున్నాం. ఊరి అభిమానం కొద్దీ మేం హైదరాబాద్ వైపే, అయినా ఆ కుర్రాడి మొహం చూసి మా అమ్మాయి గోళ్ళు కొరుక్కుంది. ఓవర్ బాగా వేశాడు. భువనేశ్వర్ కుమార్ వికెట్ తీశాడు. ఐపీఎల్‌లో అతనికదే మొదటి వికెట్. ముంబయి గెలిచింది. మర్నాడు పేపర్ తెరిస్తే కొడుకు పేరు ఉన్నచోటల్లా తండ్రి పేరూ ఉంది. మళ్ళీ నాలుగు రోజులకి, ముంబయిలో పంజాబ్ మీద ఒకే ఓవర్లో 31 పరుగులిచ్చాడు. అప్పుడు ఫోన్లలో తిరిగిన వెటకారాలు మీరూ చూసే ఉంటారు. బంతి వేసింది ఒకే కుర్రాడు. వికెట్ తీస్తే సచిన్ కొడుకు, కొట్టించుకుంటే సచిన్ కొడుకై ఉండీ. చిక్కుడుకాయల గిన్నె దగ్గర మా పిల్ల అన్న మాట నాకు ఇక్కడే మళ్ళీ గుర్తొచ్చింది.

ఆ అబ్బాయి తండ్రిలాగా కుడిచేత్తో బ్యాటింగ్ చేసే రకం కూడా కాదు. ఎడమచేతి ఫాస్ట్ బౌలరు. ముంబయి రంజీ జట్టులో చోటు దొరక్కపోతే గోవాకి వెళ్ళి ఆడాడు. 2022 డిసెంబర్లో గోవా తరఫున మొదటి రంజీ మ్యాచ్‌లో సెంచరీ కొట్టాడు. ఏ ఇరవై మూడేళ్ళ కుర్రాడికైనా జీవితాంతం చెప్పుకునే రోజది. కానీ అందరూ రాసిందేమిటి? 1988లో తండ్రి కూడా మొదటి రంజీ మ్యాచ్‌లో సెంచరీ కొట్టాడు, అప్పటికి పదిహేనేళ్ళే అని. ఒక మంచి రోజు వస్తే దాన్ని కూడా తండ్రి పాత ఫొటో పక్కన నిలబెట్టి కొలిచారు.

ఇందులో సచిన్ తప్పు నాకేం కనిపించలేదు. మా అబ్బాయిని కాస్త వదిలేయండి, ఆటని ప్రేమించుకోనివ్వండి అని అందరి ముందూ విలేకరులని అడిగాడు. ఉప్పల్ మ్యాచ్ తర్వాత, చివరికి మా టెండూల్కర్లకీ ఒక ఐపీఎల్ వికెట్ దక్కిందని సరదాగా రాశాడు. సచిన్‌కి ఐపీఎల్‌లో వికెట్ లేదు మరి. ఆ నవ్వులో ఒక తండ్రి పెద్దరికం ఉంది. "ఈ ఒక్క దాంట్లో నువ్వు నాకంటే ముందున్నావురా" అని నలుగురిలో చెప్పడం అది. కానీ తండ్రి ఎంత పక్కకి తప్పుకున్నా చూసేవాళ్ళం మనం తప్పుకోం. కొలబద్ద మన చేతిలోనే ఉంది. గ్యాలరీలో నా పక్కన కూర్చున్నావిడ చేతిలో, మా ఆయన భుజం తట్టిన పెద్దమనిషి చేతిలో, బారసాలలో నా చేతిలో.

దీన్నుంచి కాస్త తప్పించుకునే దారి కొందరు పిల్లలే వెతుక్కుంటారు. గోపీచంద్ గారి అమ్మాయి గాయత్రినే చూడండి. తండ్రి 2001లో ఆల్ ఇంగ్లండ్ సింగిల్స్ గెలిచిన మనిషి. తల్లి పి.వి.వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడారు. ఇంట్లో ఇద్దరు ఒలింపియన్లు, తండ్రేమో కోచ్. ఆ అమ్మాయి బ్యాడ్మింటనే ఎంచుకుంది కానీ డబుల్స్‌లో నిలబడింది. కేరళ అమ్మాయి ట్రీసా జాలీతో కలిసి 2022లో, మళ్ళీ 2023లో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చుకుంది. డబుల్స్ ఎందుకో ఆ అమ్మాయి లెక్కలు ఆ అమ్మాయికి ఉంటాయి. నాకు మాత్రం తల్లిగా ఒకటి తోస్తుంది. కోర్టులో పక్కన మరో పిల్ల ఉంటే గెలుపోటములు ఇద్దరివీ అవుతాయి. "ఆయన కూతురు" అనే మాట ఆ జంటకి సరిగ్గా అతకదు. ఇంటి ఆటలోనే ఉంటూ తనకో మూల చూసుకోవడం అది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. పిల్లకి ఇష్టం లేకపోతే?

ఈ విషయం నేను మా చుట్టాల్లో ఎత్తగానే ఒక మరిది వెంటనే యువరాజ్ సింగ్ పేరు తీశాడు. యువరాజ్‌కి చిన్నప్పుడు స్కేటింగ్ అంటే ప్రాణం, పతకం కూడా గెలిచాడు. తండ్రి యోగ్‌రాజ్ ఇండియాకి ఒకే ఒక్క టెస్ట్ ఆడిన ఫాస్ట్ బౌలరు. ఆయన ఆ పతకం విసిరేసి కొడుకుని క్రికెట్‌లో పెట్టాడు. ఈ కథ ఆ ఇంటివాళ్ళే చెప్పారు. "చూశావా వదినా, ఆయన ఆ రోజు గట్టిగా ఉండబట్టే 2007లో ఆరు సిక్సర్లు, 2011లో ప్రపంచ కప్ వచ్చాయి" అని మా మరిది వాదన.

నేను తనకి చెప్పింది మీకూ చెప్తాను. పతకం విసిరేయించుకుని యువరాజ్ అయిన కుర్రాడు ఒక్కడే కాబట్టి ఆ కథ మనకి తెలిసింది. విసిరేయించుకుని ఏమీ కాని పిల్లల కథలు ఎవరు చెప్తారు? వాళ్ళు ఇప్పుడు ఏ షాపులోనో, ఏ ఆఫీసులోనో ఉండి, తండ్రితో సరిగ్గా మాట్లాడకుండా ఉంటారు. లాటరీ తగిలినవాడి ఇల్లు చూపించి టికెట్లు కొనమనడం లాంటిది ఈ వాదన. ఇంకో మాట కూడా ఉంది. తగిలినవాడు కూడా సుఖంగా ఉన్నాడని ఎవరు చెప్పారు?

ఆండ్రీ అగస్సీ సంగతి వినండి. అతని తండ్రి మైక్ అగస్సీ ఇరాన్ తరఫున 1948, 1952 ఒలింపిక్స్‌లో బాక్సింగ్ చేసినవాడు. కొడుకుని టెన్నిస్‌లోకి నెట్టాడు. ఆ కొడుకు ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. గెలిచి, రిటైరై, తన ఆత్మకథలో తనకి టెన్నిస్ అంటే అసహ్యమని రాసుకున్నాడు. ప్రపంచంలో నంబర్ వన్ అయిన మనిషి! అతను పెళ్ళి చేసుకుంది 22 గ్రాండ్‌స్లామ్‌ల స్టెఫీ గ్రాఫ్‌ని. ఇద్దరివీ కలిపితే ముప్పై. మన సంబంధాల పేరయ్యలు ఎవరైనా ఉంటే ఆ ఇంట్లో పుట్టే బిడ్డ చేతికి ఊయల్లోనే రాకెట్ ఇచ్చేవాళ్ళు. వాళ్ళబ్బాయి జేడెన్ బేస్‌బాల్ ఆడుకున్నాడు. వాళ్ళు ఆడనిచ్చారు. తనకి జరిగింది కొడుక్కి జరగకుండా చూసుకోవడం ఒక తండ్రికి ఏ కప్పుకీ తక్కువ కాదని నా అభిప్రాయం.

అంత దూరం ఎందుకు, మా సికింద్రాబాద్ సంగతే చెప్తాను. మా ఆయనకి చిన్నప్పటినుంచీ ఆరాధన ఎవరంటే పి.వి. రమణ గారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన వాలీబాల్ జట్టులో ఆయన ఉన్నారు. 2000లో అర్జున అవార్డు వచ్చింది. ఆయన భార్య విజయ గారు కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఆ ఇంట్లో పుట్టి, ఆ పొడుగుతో, సింధు వాలీబాల్ ఆడి ఉంటే ఎవరైనా "మరింకేం" అనేవారు. ఆ పిల్ల మాత్రం ఎనిమిదేళ్ళ వయసులో బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంది. వాలీబాల్ తెలిసిన తండ్రి ఆ పిల్ల కోసం వేరే ఆట నేర్చుకున్నారు. సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలికి తెల్లవారకముందే లేచి కూతుర్ని తిప్పారు. ఒలింపిక్స్‌లో రెండు పతకాలు, 2019లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఇవన్నీ మనకి తెలిసినవే. నేను వాటికోసం ఈ కథ చెప్పడం లేదు. పతకాలు రాకపోయినా ఆ తండ్రి చేసింది అంతే గొప్ప పని. ఆయన తన ఆట పిల్లకి ఇవ్వలేదు. ఆటగాడిగా తనకి అలవాటైన పొద్దున్న లేవడం, ఓపిక, ఓటమిని తట్టుకోవడం ఇచ్చారు. ఏ ఆటకైనా పనికొచ్చే సామాను అది.

ఆడపిల్లల విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు 1932లో భారత జట్టు మొదటి టెస్టుకి కెప్టెన్. ఆయన కూతురు చంద్ర నాయుడు పెరిగిన రోజుల్లో ఆడపిల్ల తండ్రి ఆటలోకి వెళ్ళడానికి జట్లేవి? ఆవిడ మైకు పట్టుకున్నారు. మన దేశంలో తొలితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరయ్యారు, తండ్రి గురించి పుస్తకం రాశారు. వారసత్వం అంటే తరతరాలుగా కొడుకులకి మాత్రమే వచ్చే ఆస్తిగా ఉండేది. ఇప్పుడు కూతుళ్ళకీ వస్తోంది, సంతోషం. కానీ కూతురికి వచ్చేటప్పుడు దాంతో పాటు "నాన్న పరువు" అనే మూట కూడా తగిలిస్తున్నాం. కొడుకు ఆడలేకపోతే "వాడికి కలిసి రాలేదు" అంటారు. కూతురు మానేస్తానంటే "అంత చేసిన నాన్నని ఇలా చేస్తావా" అంటారు. నేను అనలేదా? ఆ ఆదివారం సరిగ్గా ఇదే మాట అన్నాను. అక్కడే లేచి వెళ్ళిపోయింది పిల్ల.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పడానికి నాకు భయమేసింది. పిల్లలు పడుకున్నాక మజ్జిగ గ్లాసు చేతికిచ్చి మెల్లగా చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నాకు ముందే తెలుసు."

"తెలిస్తే నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అంత ఆశ పడుతుంటే ఏం చెప్పను?"

నేను నివ్వెరపోయాను. ఇన్నాళ్ళూ ఆయన కోసం పిల్లని తోస్తున్నానని అనుకున్నాను. ఆయనేమో నా కోసం ఊరుకున్నారట. పిల్ల మా ఇద్దరి కోసం ఆడిందట. ముగ్గురం ఒకరి కోసం ఒకరం నాలుగేళ్ళు ఆ గ్రౌండుకి వెళ్ళాం. ఆట కోసం వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడాయన ఇంకోటి చెప్పారు. ఆయన ఆడటం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో ఎవరికీ వాలీబాల్ అంటే ఏమిటో తెలీదు. మామయ్యగారు చేల గట్టు మీదనుంచే కేకలేసేవారట. "ఎవరూ చూడనప్పుడు నేర్చుకున్నానే నేను. తప్పులు చేశాను, బంతి నెత్తిన పడింది, ఎవరికీ పట్టలేదు. దీనికి ఆ అదృష్టం లేదు. దీని మొదటి సర్వీసు కూడా నేను చూశాను" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేరున్న ఇంటి పిల్లలకి మనం అన్నీ ఇస్తాం, ఎవరూ చూడకుండా తప్పు చేసే చోటు తప్ప.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఛాంపియన్ల పిల్లలు అదే ఆటలోకి రావడంలో తప్పేమీ లేదు. రానివ్వాలి, ఇంట్లో ఉన్న మెళకువ ఊరికే పోవడమెందుకు? వాళ్ళకి దారి సులువైందని అసూయ పడక్కర్లేదు. నెట్‌కి అవతలున్నవాళ్ళు ఎవరూ ఇంటిపేరు చూసి బంతి వదిలెయ్యరు. సెలక్షన్ మాత్రం అందరికీ ఒకే గీత మీద జరగాలి, ఎవరి పిల్లైనా సరే. అది పిల్ల కోసమే. అడ్డదారిన వచ్చిన చోటు ఆ పిల్లకి కూడా తనదని అనిపించదు. ఇవన్నీ సరే. ఇంటి లోపల మాత్రం తల్లిదండ్రులు ఒక్క మాట ముందే చెప్పి ఉంచాలి. "ఇది మా ఆట. నచ్చితే తీసుకో. నచ్చకపోతే ఏ రోజైనా వదిలెయ్, అన్నం ప్లేటు మారదు." ఆ మాట పిల్ల నోరు తెరిచి అడిగాక చెప్తే ఆలస్యమైనట్టే. నేను నాలుగేళ్ళు ఆలస్యంగా చెప్పాను.

మా అమ్మాయి మానేసింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కబడ్డీ, బ్యాడ్మింటన్ ఏదీ పట్టుకోలేదు, సింధు కథలాగా మలుపేమీ తిరగలేదు. బొమ్మలు వేస్తుంది, ఒక మాదిరిగా వేస్తుంది. బంధువులు "అయ్యో, అంత పొడుగు వృథా" అంటూనే ఉన్నారు. పైన అటక మీద డబ్బాలు దించడానికి పనికొస్తోందండీ అని చెప్తుంటాను.

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళాం. సాయంత్రం కళ్ళంలో పిల్లలు తాడు కట్టి బంతి ఆడుతుంటే ఒక మనిషి తక్కువైంది. మా అమ్మాయి చెప్పులు విడిచి వెళ్ళి నిలబడింది. నేను అరుగు మీద పిండివంటల పళ్ళెంతో ఉన్నాను. మా ఆయన నా పక్కనే ఉన్నారు. అది మొదటి సర్వీసు వేసే ముందు ఆయన లేచి, అత్తయ్యగారికి మందులివ్వాలని లోపలికి వెళ్ళిపోయారు. మందుల టైము కాదది. నాకు అర్థమై నేనూ పళ్ళెం తీసుకుని వెనకాలే వెళ్ళాను.

ఎలా ఆడిందో నాకు తెలీదు. బయటినుంచి నవ్వులు మాత్రం వినపడ్డాయి.